పాత ఇంటి మరమ్మతు: మండువా తూము నుండి వీధి కాలువ వరకు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దల మాట. పాత ఇంటిని బాగుచేయుట అంతకన్నను చిక్కైన పని. క్రొత్త ఇంటి ఖర్చును ముందే లెక్క వేయవచ్చును. పాత ఇంటిలో పెంకు తీసినగాని వాసము పుచ్చినదని తెలియదు. గోదావరి డెల్టా గ్రామములలో మండువా లోగిళ్లు, పెంకుటిండ్లు నేటికిని కలవు. వాటి టేకు దూలములను, దళసరి గోడలను పడగొట్టుట తేలిక. తిరిగి సమకూర్చుకొనుట సామాన్య గృహస్థునకు కష్టము. కావున మరమ్మతులో కాలమును, ధనమును పొదుపు చేయు మార్గమును పంచాయతీ సభ్యులు తెలిసికొని పదుగురికి చెప్పవలెను.

పనుల వరుస

పలువురు మొదట గోడలకు రంగు వేయించి, గచ్చు మార్పించి, కప్పు సంగతి చివరకు చూతురు. మొదటి వానకే ఆ ఖర్చు వృథా యగును. కప్పు, నీరు పోవు దారి, గోడలు, నేల, ఆ పైన రంగు — ఇది సరియైన వరుస.

వాన కురియునపుడే ఇల్లంతయు తిరిగి, కారుచున్న చోట్ల సుద్దతో గుర్తు పెట్టుకొనవలెను. దూలముల కొనలు గోడలో దిగిన చోట కత్తిమొనతో పొడిచి చూడవలెను. మొన సులభముగా దిగినచో చెదలో, పుచ్చో పట్టినదని అర్థము. గోడ పగులుకు అడ్డముగా గాజుముక్కను సిమెంటుతో అతికించి, తేదీ వ్రాయవలెను. గాజు విరిగినచో గోడ ఇంకను కదలుచున్నదన్నమాట. అట్టి పగులును పూడ్పించుటకు ముందు పునాదిని పరీక్షింపజేయవలెను.

కప్పునంతయు ఒకేసారి విప్పరాదు. ఒక్కొక్క వైపు విప్పి, ముగించి, రెండవ వైపునకు పోవలెను. దించిన పెంకును వ్రేలితో తట్టినపుడు ఖంగుమన్నచో అది తిరిగి పనికివచ్చును. సున్నముతో కట్టిన పాత గోడలకు సున్నపు పూతయే మేలు. సిమెంటు పూత గోడలోని చెమ్మను బయటికి పోనీయదు. కొంతకాలమునకు పెచ్చులుగా ఊడును.

కాలము, సామగ్రి

దాళ్వా నాట్లు ముగిసిన పిదప, కోతలు మొదలగుటకు లోపల కూలీలు సులభముగా దొరకుదురు. కప్పు పని అప్పుడే పెట్టుకొని, జూన్ వానలకు ముందే ముగింపవలెను. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 1996 నవంబరు 6వ తేదీ తుపానును కోనసీమ మరువలేదు. సిమెంటును అవసరమైనంతే కొని, గోడకు తగులకుండ చెక్కలపై పేర్చి, మూడు నెలల లోపల వాడవలెను.

పంచాయతీ కర్తవ్యము

గృహస్థుడు ఎంత జాగ్రత్తపడినను తన చేతిలో లేనిది ఒకటి కలదు. మండువాలో పడిన వాననీరు తూము గుండా వీధి కాలువకు పోవలెను. మండువాయు, దానివైపు వాలిన కప్పును కలిసి 50 చదరపు మీటర్లు అనుకొందము. 10 సెంటీమీటర్ల వాన కురిసినచో అందులో చేరు నీరు 5,000 లీటర్లు. పాత రోడ్డుపైననే క్రొత్త రోడ్డు వేయుచు పోయినచో వీధి మట్టము పెరిగి, తూము నోరు మూసికొనిపోవును. ఆ నీరు ఇంటిలోనే నిలిచి, పునాదిని నానబెట్టి, గోడల కెక్కును. అప్పుడు గృహస్థుడు నేలను మెరక చేయించి, గుమ్మములు ఎత్తించి, అప్పుల పాలగును. ఆ ఖర్చు రోడ్డు అంచనాలో కనబడదు. కాని దానికి కారణము ఆ రోడ్డే.

కావున రోడ్డు పనిని తీర్మానించుటకు ముందే వీధిలోని అరుగుల మట్టమును, తూముల మట్టమును కొలిపించి ఇంజనీరుకు అందజేయవలెను. అవసరమైన చోట పాత పొరను త్రవ్వి తీసిన పిదపనే క్రొత్తది వేయవలెనని, కాలువ అడుగు తూములకన్న పల్లములో ఉండవలెనని అంచనాలోనే వ్రాయింపవలెను. పని ముగిసిన పిదప చింతించి లాభము లేదు.

వానలకు ముందు ఒక సాయంత్రము సభ్యులందరు తమ వార్డులలో నడిచి, మూసికొనిపోయిన తూములెన్నియో లెక్కించి, ఆ పట్టికను గ్రామసభ ముందుంచవలెను. ఊరిలోని పాత ఇండ్లను నిలుపుటకు అదియే మొదటి మరమ్మతు.