పాఠం 9: పాత జేబు గడియారం – చరిత్ర తెలుసుకునే పద్ధతి

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గడియారం ముఖంపై ఉన్న పేరుకు, దాన్ని తయారుచేసిన సంస్థకు గల తేడాను చెప్పగలుగుతారు;
• గడియారం వయసును తెలిపే ఆధారాన్ని గుర్తించగలుగుతారు;
• ఆధారాన్నీ, ఇంట్లో చెప్పుకునే కథనూ వేరుచేసి రాయగలుగుతారు.

9.1 పరిచయం

మీరు ఢిల్లీలోని మయూర్ విహార్‌లో ఉంటున్నారనుకోండి. ఊళ్లో పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు తాతగారి జేబు గడియారం మీ వాటాకు వచ్చింది. అది అమెరికాదనీ, బంగారమనీ, తాతగారు రైల్వేలో పనిచేస్తుండగా దొరగారు బహుమతిగా ఇచ్చారనీ ఇంట్లో అంటారు. దుకాణదారు తూకం వేసి కొంటానంటాడు. అలా కొన్నవారు పైడొప్పను కరిగించి, లోపలి యంత్రాన్ని పారవేస్తే, దాని చరిత్ర తెలుసుకునే దారి మూసుకుపోతుంది. కాబట్టి అమ్మాలో ఉంచాలో తేల్చుకునే ముందే ఈ మూడు మాటలనూ పరిశీలించాలి.

9.2 ముఖంపై ఉన్న పేరు

గాంధీజీ నడుముకు వేలాడిన చవక గడియారం ఇంగర్‌సాల్ అని ఆయన జీవిత చరిత్రల్లో చదువుతాం. ఇంగర్‌సాల్ సోదరులు న్యూయార్కు వ్యాపారులు. 1896లో వారు ఒక డాలరుకు అమ్మిన 'యాంకీ' గడియారాన్ని తయారుచేసింది కనెక్టికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీ క్లాక్ కంపెనీ. తరువాతి కాలంలో బ్రిటన్‌లో కూడా ఇంగర్‌సాల్ పేరుతో గడియారాలు తయారయ్యాయి. కనుక ముఖంపై పేరు అమ్మినవారిది కావచ్చు. దాన్నిబట్టే తయారీదారునో, దేశాన్నో నిర్ణయించరాదు.

9.3 యంత్రంపై ఉన్న సంఖ్య

వెనుక మూత కొన్నింటికి మరలా తిరుగుతుంది, కొన్నింటికి కీలుపై తెరుచుకుంటుంది. కత్తితో బలవంతం చేయకండి. గడియారాలు బాగుచేసేవారి చేత తీయించండి. లోపలి పలకపై కంపెనీ పేరు, ఊరు, వరుస సంఖ్య చెక్కి ఉంటాయి. వాటిని ఉన్నవి ఉన్నట్లు రాసుకొని, ఫోటో తీయండి.

మసాచుసెట్స్‌లోని వాల్తమ్, ఇల్లినాయిలోని ఎల్జిన్ ఒకప్పుడు అమెరికాలో పెద్ద తయారీ సంస్థలుగా ఉండేవి. ఎల్జిన్ సంస్థ 1867లో అమ్మిన మొదటి గడియారం సంఖ్య 101. ఇటువంటి సంస్థల వరుస సంఖ్యల పట్టికలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒకే సంఖ్య రెండు కంపెనీలలో రెండు వేర్వేరు సంవత్సరాలను సూచించవచ్చు. అందువల్ల పేరు, సంఖ్య రెండూ కావాలి. పట్టిక చెప్పేది సుమారు సంవత్సరం మాత్రమే.

9.4 పైడొప్ప

ఆనాటి అమెరికాలో యంత్రాన్ని ఒక సంస్థ, పైడొప్పను మరొక సంస్థ చేయడం మామూలు. అమ్మేవారు రెండింటినీ కలిపి బిగించేవారు. కాబట్టి పైడొప్పపై ఉన్న సంఖ్యను యంత్రాల పట్టికలో వెతకకూడదు. మూతపై '20 ఏళ్లు' అన్న హామీ ఉంటే అది నిండు బంగారం కాదు. చవక లోహంపై పలుచని బంగారు రేకు అతికించినది. ఆ రేకు అన్ని ఏళ్లు అరగదని దాని అర్థం. మెరుగు పెట్టించకండి, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి.

9.5 కుటుంబ కథ

అబ్రహాం లింకన్ వద్ద ఇంగ్లండు యంత్రం గల ఒక గడియారం ఉండేది. 1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు తాను దాన్ని బాగుచేస్తూ లోపల కొన్ని మాటలు చెక్కానని జొనాథన్ డిల్లన్ అనే పనివాడు 1906లో పత్రికకు చెప్పాడు. 2009లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంవారు దాన్ని విప్పి చూశారు. అతని పేరు, తేదీ, యుద్ధం మాట ఉన్నాయి. బానిసత్వం గురించి రాశానని అతడు చెప్పిన మాట మాత్రం లేదు. కథ ఎక్కడ వెతకాలో చూపింది. ఏమి రాసి ఉందో లోహం చెప్పింది.

తాతగారి కథనూ ఇలాగే పరీక్షించండి. ఆయన ఉద్యోగం విరమించిన చాలా ఏళ్లకు తయారైన గడియారమైతే ఆ కథ నిలవదు. ముందే తయారైనదైతే కథ సాధ్యమని తేలుతుంది; రుజువైనట్లు కాదు. రుజువుకు చెక్కిన పేరు, ఉత్తరం, ఉద్యోగ పత్రం, పాత ఫోటో వంటివి కావాలి. అవి లేకపోతే 'ఇంట్లో ఇలా చెబుతారు' అని, చెప్పినవారి పేరుతో రాసి ఉంచండి. కథ కూడా వారసత్వమే. దాన్ని ఆధారంగా చూపకూడదు, పారవేయనూ కూడదు.

పాఠంలోని ప్రశ్నలు

1. 'యాంకీ' గడియారాన్ని తయారుచేసిన సంస్థ ఏది?
2. పైడొప్ప సంఖ్యను బట్టి యంత్రం వయసు ఎందుకు చెప్పలేం?
3. మీ ఇంట్లోని ఒక పాత వస్తువు గురించి 'చూసినది', 'విన్నది' అని రెండు వరుసలు గీసి రాయండి.

జవాబులు

1. వాటర్‌బరీ క్లాక్ కంపెనీ.
2. పైడొప్పను, యంత్రాన్ని వేర్వేరు సంస్థలు చేసి ఉండవచ్చు కనుక.
3. మీరే రాయండి. ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.