సినిమా ఎలా ఉంది?

ఆదివారం మీరొక సినిమా చూశారు. మీకు నచ్చింది. సోమవారం బడిగంట కొట్టకముందే నలుగురూ చెట్టు కింద చేరారు. "సినిమా ఎలా ఉందిరా?" అనే ప్రశ్న రానే వచ్చింది.

"చెత్త!" అన్నాడు మొదటివాడు. "పరమ బోరు" అన్నాడు రెండోవాడు. మూడోవాడు ఇంకో మెట్టు పైకెక్కి, "నేను ఇంటర్వెల్ దాకా కూడా మేలుకోలేదు" అన్నాడు. ఇప్పుడు మీ వంతు వచ్చింది. మీరేమంటారు?

"ఆఁ... ఫరవాలేదు" అంటారు! అవునా, కాదా?

సిగ్గుపడకండి. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో ప్రకటించిన ఒక ప్రయోగం సంగతి వినండి. ఆయన కొంతమంది కాలేజీ విద్యార్థులను ఒక గదిలో వరసగా కూర్చోబెట్టాడు. ఒక అట్ట మీద ఒక గీత ఉంది. ఇంకో అట్ట మీద మూడు గీతలున్నాయి. ఈ మూడింటిలో ఏది మొదటి గీతతో సమానంగా ఉందో చెప్పాలి, అంతే. రెండో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. కాని అందులో ఒక తిరకాసు ఉంది. ఆ వరసలో అసలైన విద్యార్థి ఒక్కడే. మిగతా వాళ్ళందరూ కొన్నిసార్లు కూడబలుక్కుని ఒకే తప్పు జవాబు చెప్పేటట్టు ఆష్ ముందే ఏర్పాటు చేశాడు. పాపం, ఆ విద్యార్థి వంతు వాళ్ళ తరవాతే వస్తుంది!

ఏమైందనుకున్నారు? అలాంటప్పుడు వచ్చిన జవాబుల్లో దాదాపు మూడోవంతు తప్పుల తడకలే. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా పక్కవాళ్ళతో కలిసి తప్పు చెప్పారు. అదే ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే నూటికి ఒక తప్పు కూడా రాలేదు. గీతలకైతే కొలబద్ద ఉంది. కళ్ళెదుట కనబడుతున్న గీతల విషయంలోనే ఇలా ఉంటే, కొలబద్దే లేని సినిమా విషయంలో చెట్టు కింద మీ గొంతు కాస్త తడబడిందంటే ఆశ్చర్యమేముంది?

ఆష్ ఇంకో రెండు సంగతులు కూడా గమనించాడు. ఆ వరసలో ఇంకొక్కడు నిజం చెప్పినా చాలు, విద్యార్థికి ధైర్యం వచ్చేది. తప్పులు బాగా తగ్గిపోయేవి. జవాబు పైకి చెప్పకుండా కాగితం మీద రాయమన్నా అంతే. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, మనకు పనికొస్తుంది.

సరే, అందరూ నిజమే చెప్పారనుకుందాం. అప్పుడైనా అందరి మాటా ఒకటే అవుతుందా? అవదు. 1957లో విజయా వారు తీసిన 'మాయాబజార్' చూశారా? కె.వి. రెడ్డి గారు దర్శకులు. అందులో నటించిన వాళ్ళలో చాలామంది మన వైపు వాళ్ళే. కృష్ణుడు వేసిన ఎన్.టి. రామారావు గారిది నిమ్మకూరు, అభిమన్యుడు వేసిన అక్కినేని నాగేశ్వరరావు గారిది రామాపురం, ఘటోత్కచుడు వేసిన ఎస్.వి. రంగారావు గారు పుట్టింది నూజివీడులో. ఆ సినిమాలో ప్రియదర్శిని అని ఒక పేటిక ఉంటుంది. ఎవరు తెరిచి చూస్తే వాళ్ళ మనసులో ఉన్నది కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. బలరాముడికి దుర్యోధనుడు, రేవతమ్మకు నగలూ మణులూ. కృష్ణుడు చూస్తే శకుని!

మీరు చూసే ప్రతి సినిమా ఒక ప్రియదర్శినే. కొంత తేడా కంటి దగ్గరే మొదలవుతుంది. చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు చూడండి. మన కన్ను అత్యంత స్పష్టంగా చూడగలిగేది సుమారు ఆ గోరంత మేర మాత్రమే. మిగతాదంతా కాస్త మసకే. అంత పెద్ద తెర మీద ఏ క్షణంలో ఏ గోరంత మేర చూస్తామో అందరికీ ఒక్కటి కాదు. చాలాసార్లు దర్శకుడు చూడమన్న చోటికే చూపు వెళుతుంది కాని, అన్నిసార్లూ కాదు.

అంతకంటే పెద్ద తేడా జ్ఞాపకాల్లో ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది చనిపోయారు. ఆ రోజు బతికి బయటపడ్డ ఒక తాతగారు మీ పక్కసీట్లో కూర్చున్నారనుకోండి. తెర మీద సముద్రం ఊరి మీదికి వస్తోంది. మీరు "గ్రాఫిక్స్ భలే ఉన్నాయి!" అని చప్పట్లు కొట్టారు. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. సినిమా బాగుందా, బాగాలేదా? మీ ఇద్దరిలో ఎవరిది తప్పు?

అందుకే "బాగుంది", "బాగాలేదు" అన్న మాటతో ఆగకూడదు. "రెండో సగంలో మూడు పాటలు వచ్చి కథ ఆగిపోయింది" అన్నారనుకోండి, ఎదుటివాడు ఆ పాటలు లెక్కపెట్టుకోవచ్చు. "నాకు విసుగేసింది" అనేది మీ సంగతి. మొదటిది పరీక్షించదగ్గ మాట. రెండోది మీకే తెలిసిన మాట. రెండూ కావలసినవే, కాని దేన్ని దేనిగా చెబుతున్నామో తెలిసి చెప్పాలి.

ఒక్కడి మాటకు విలువేమిటని అడగకండి. ఒకప్పుడు సినిమా రీళ్ళు పెట్టెల్లో వచ్చేవి. విజయవాడ గాంధీనగరంలో పంపిణీదారుల ఆఫీసులుండేవి. అక్కడి నుంచి పెట్టెలు ఊళ్ళకు వెళ్ళేవి. ప్రింట్లు తక్కువ కాబట్టి పల్లెటూరి టూరింగ్ టాకీసుకు సినిమా చేరేసరికి నెలలు గడిచేవి. సినిమా కంటే ముందు చేరేది దాని గురించిన మాట. దాన్నే సినిమావాళ్ళు 'టాక్' అంటారు.

1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదలైంది. దర్శకులు కె. విశ్వనాథ్ గారు పుట్టిందీ మన డెల్టాలోనే, రేపల్లె ప్రాంతంలో. కథానాయకుడు జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తున్న పెద్దమనిషి, సినిమా జనానికి కొత్త ముఖం. పేరున్న హీరో లేడు, ఫైటింగులు లేవు. మొదట్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయి. కాని చూసిన ఆ కొద్దిమందీ ఊరుకోలేదు, ఇరుగుపొరుగుకు చెప్పారు. తరవాత టిక్కెట్లు దొరకని పరిస్థితి వచ్చింది. తెలుగు రాని చోట్ల కూడా ఆడింది.

ఇందులో ఒక లెక్క ఉంది. 100 మంది చూశారు. ఒక్కొక్కరి మాట విని సగటున ఒకటిన్నర మంది కొత్తగా వచ్చారనుకుందాం. 100, 150, 225, 337... పదో మెట్టు దగ్గర లెక్క అయిదు వేలు దాటుతుంది. అదే సగటున అరమనిషి వస్తే 100, 50, 25, 12... నాలుగు రోజుల్లో పెట్టె తిరుగుప్రయాణం కడుతుంది. అంటువ్యాధులు వ్యాపించేదీ, ఆగిపోయేదీ ఈ లెక్క ప్రకారమే. మధ్యలో ఉన్న గీత ఒకటి. అటా, ఇటా అన్నది తేల్చేది మొదటి నూరుమంది చెప్పే మాట. వాళ్ళు కూడా చెట్టు కింద మీలాగే "ఫరవాలేదు" అని ఊరుకుంటే?

ఇక, "అందరికీ నచ్చింది" అనే మాట సంగతి చూద్దాం. 2013లో, భారతీయ సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంలో సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానెల్ నూరు సినిమాల జాబితా ఇచ్చి ఓట్లు వెయ్యమంది. 'మాయాబజార్' మొదటి స్థానంలో నిలిచింది. మనకు సంతోషమే. కాని సుమారు 71 వేల ఓట్లలో దానికి పడ్డవి 17 వేల దాకా, అంటే నూటికి 24. పైగా ఓటు వేసినవాళ్ళు తమంతట తాము ముందుకొచ్చిన వాళ్ళు. దేశంలో అందరూ ఏమనుకున్నారో ఇది చెబుతుందా?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, ఆ 71 వేల మెతుకులు చాలవా అంటారు మీరు. గిన్నె అంతా ఒకేలా ఉడికితే ఒక్క మెతుకే చాలు. అడుగు మాడితే పైనున్న మెతుకులు ఎన్ని పట్టుకున్నా తెలియదు. ధాన్యం కొనే వర్తకుణ్ణి చూడండి. బోలుగా ఉన్న ఇనప గొట్టాన్ని బస్తాలో గుచ్చి, పైనా, మధ్యా, అడుగునా ఉన్న గింజలు తీస్తాడు. అవి గుప్పెడే, కాని అన్ని చోట్లవీ.

ఈ సంగతి మరచిపోయి 1936లో అమెరికాలో 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక నవ్వులపాలైంది. అధ్యక్ష ఎన్నికలప్పుడు కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షల పైచిలుకు జవాబులు తెప్పించి, లాండన్ గెలుస్తాడంది. రూజ్వెల్ట్ గెలిచాడు, అదీ 48 రాష్ట్రాల్లో 46 చోట్ల! పత్రిక పేర్లు ఏరుకున్నది టెలిఫోన్ పుస్తకాల్లోంచి, కార్లున్న వాళ్ళ జాబితాల్లోంచి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది ఎవరికి? జార్జ్ గాలప్ అనే ఆయన అంతకంటే చాలా తక్కువ మందిని, అన్ని రకాల వాళ్ళలోంచి ఎంచి అడిగి, ఫలితం సరిగ్గా చెప్పాడు. తరవాత హాలీవుడ్ వాళ్ళు సినిమాల గురించి జనాన్ని అడిగి చెప్పమని ఆయన దగ్గరికే వెళ్ళారు.

ఇప్పుడు మీరే ఒక ప్రయోగం చెయ్యండి. 'మాయాబజార్'లోనే సత్యపీఠం అని ఒకటుంది. దాని మీదికి ఎక్కినవాడి నోట నిజం తప్ప రాదు. శకుని ఎక్కి గుట్టంతా కక్కేశాడు. మన సత్యపీఠం ఒక చీటీ. తరగతిలో 40 మంది ఉంటే, చాలామంది ఈమధ్య చూసిన సినిమా ఒకటి ఎంచుకోండి. పేర్లు డబ్బాలో వేసి, కలిపి, చీట్లు తీసి, 20 మంది చొప్పున రెండు జట్లు చెయ్యండి. బెంచీల ప్రకారం విడదీయకండి, స్నేహితులంతా ఒకే బెంచీలో ఉంటారు. మొదటి జట్టు వరండాలో నిలబడి, ఒకరి తరవాత ఒకరు, పదికి ఎన్ని మార్కులో పైకి చెప్పాలి. రెండో జట్టు గదిలో, పేరు రాయకుండా, చీటీ మీద మార్కులు వెయ్యాలి. కింద ఎందుకో ఒక్క వాక్యం. తరవాత ఏ జట్టులో ఎక్కువ మార్కుకూ తక్కువ మార్కుకూ మధ్య తేడా ఎంతో చూడండి. వరండాలో మొదట మాట్లాడినవాడు ఎంత వేశాడో, తరవాతి వాళ్ళు దానికి ఎంత దగ్గరగా వేశారో కూడా రాసుకోండి.

సినిమా చూడనివాళ్ళు 'చూడలేదు' అని రాసి చీటీ ఇవ్వాలి. వాటిని వేరే పెట్టండి. ఆ రెండో రకం చీటీలు ఎన్ని ఉన్నాయో, తరగతిలో నిజంగా చూడనివాళ్ళు ఎందరో పోల్చి చూడండి. చూడకుండానే పదికి తొమ్మిది వేసిన మహానుభావులు ఒకరిద్దరు దొరికినా దొరకవచ్చు.