ముట్లు ఆగాక ఒళ్ళు వస్తే హార్మోను బిళ్ళలు వాడాలా?

చెరుకుపల్లి వైపు పల్లెల్లో యాభై దాటిన ఆడవాళ్ళు నలుగురు చేరితే ఈ మాట వస్తుంది.

“ముట్లు ఆగినప్పటి నుంచి ఒళ్ళు వస్తోంది వదినా. తినేది ఆ నాలుగు ముద్దలే.”

“హార్మోను బిళ్ళలు మింగితే తగ్గుద్దంట గదా?”

“అమ్మో! వాటితో కేన్సరు వచ్చిద్దంట పిన్నీ!”

ఇందులో ఏది నిజం?

గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు ఉంటాయి. ఈస్ట్రోజన్ అనే హార్మోను అక్కడ తయారవుతుంది. వయసు మళ్ళాక అది తగ్గిపోతుంది. ముట్లు ఆగుతాయి. కొందరికి ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయి. నిద్ర పట్టదు. ఎముకల బలం తగ్గుతుంది. కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది.

అయితే బరువు పెరగటానికి ముఖ్య కారణం వయసే. కండ తగ్గుతుంది. కోత మిషను వచ్చాక వంగి కోసే పనీ తగ్గింది. పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గలేదు! హార్మోను బిళ్ళ ఈ బరువును తగ్గించదు. పెంచదు కూడా. అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచాలి. రోజూ అరగంట గబగబా నడవాలి.

మరి బిళ్ళ ఎవరికి? ఆవిర్లు తట్టుకోలేనివారికి డాక్టర్లు ఇస్తారు.

కేన్సరు భయం ఎక్కడిది? అమెరికాలో 16 వేల మందికి పైగా ఆడవాళ్ళతో ఒక పరిశోధన చేశారు. సగం మందికి రెండు హార్మోన్లు కలిపిన బిళ్ళ ఇచ్చారు. మిగతావారికి మందు లేని బిళ్ళ ఇచ్చారు. 2002లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. హార్మోను వాడినవారిలో ఏడాదికి పది వేల మందిలో 8 మందికి అదనంగా రొమ్ము కేన్సరు వచ్చింది. ఇంకో 8 మందికి పక్షవాతం వచ్చింది. వారి సగటు వయసు 63. అరవై లోపు, ముట్లు ఆగి పదేళ్ళు దాటనివారికి ముప్పు తక్కువని తర్వాత తేలింది.

రొమ్ము కేన్సరు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు ఈ బిళ్ళ వాడకూడదు. గర్భసంచి ఉన్నవారు ఈస్ట్రోజన్ ఒక్కటే వాడకూడదు. గర్భసంచి కేన్సరు రావచ్చు. అందుకే మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మన రాష్ట్రంలో ఇంకో సంగతి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకు దాదాపు 9 మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశం మొత్తం మీద అది వందకు 3. గర్భసంచి ఒక్కటే తీస్తే అండాశయాలు పని చేస్తూనే ఉంటాయి. రెండు అండాశయాలూ తీస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. 45 ఏళ్ళ లోపే అలా జరిగితే ఎముకలు, గుండె త్వరగా దెబ్బతింటాయి. అలాంటివారికి యాభై దాకా హార్మోను అవసరం కావచ్చు. కేన్సరు మాట విని వీళ్ళూ మానేస్తే నష్టమే.

చాలామందికి తమకు ఏం తీశారో తెలియదు. ఆసుపత్రి కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని డాక్టరమ్మను అడగాలి: “అమ్మా, నా అండాశయాలు ఉన్నాయా, తీసేశారా?” ఆమె చెప్పిన జవాబు ఆ కాగితం వెనక తెలుగులో, సొంత చేత్తో రాసుకోవాలి.