పెరటి మొక్క, దుకాణం ధర: కెనడా గంజాయి లెక్క

పెరటి చెట్టు మందుకు రాదని మన సామెత. కెనడాలో మాత్రం పెరటి మొక్కే మందుగా వాడుకుంటాం, దానిని మా ఇంట్లో పెంచుకోనివ్వండి అని రోగులు కోర్టుకు ఎక్కారు. తగవు పైకి హక్కుల తగవు. లోపల చూస్తే గ్రాముకు ఎన్ని డాలర్లన్న లెక్క.

ఆ మొక్క గంజాయి. మన దేశంలో 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం కింద ఇంటి పెరట్లో ఒక్క మొక్క పెంచినా నేరమే. కనుక ఇది మన వర్తకులు చేయదగిన సరకు గురించిన వ్యాసం కాదు. అయితే సుంకం ఒక సరకు ధరను ఎలా పెంచుతుంది, కొనేవాడే పండించుకోగలిగితే ఆ ధర ఎంతవరకు నిలుస్తుంది అన్న పాఠం ఏ సరకు వ్యాపారికైనా పనికివస్తుంది. ఇంత విడమరిచి కనిపించే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

కెనడాలో 2001 నుంచి వైద్యుని పత్రం ఉన్న రోగి మూడు మార్గాల్లో గంజాయి పొందే వీలుండేది. తానే పెంచుకోవచ్చు, తన తరఫున మరొకరిచేత పెంచించుకోవచ్చు, లేదా ప్రభుత్వం ద్వారా కొనవచ్చు. ప్రభుత్వ సరకు గ్రాము 5 డాలర్లు (ఈ వ్యాసంలో డాలరంటే కెనడా డాలరే). 2013లో ప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చింది. ఇంటి సాగు రద్దు, ఇకమీదట లైసెన్సు పొందిన కంపెనీల నుంచే కొనాలి అన్నది వాటి సారాంశం. ఆ నిబంధనలతో పాటు ప్రభుత్వమే వేసిన అంచనా గమనించదగినది. అప్పటిదాకా రోగికి గ్రాము 1.80 నుంచి 5 డాలర్ల మధ్య పడుతున్నది, 2014లో సుమారు 7.60కి, ఆ తర్వాత 8.80కి చేరుతుందని ఆ అంచనా.

రోజుకు 3 గ్రాములు వాడే రోగిని తీసుకుందాం. నెలకు 90 గ్రాములు. సొంతంగా పండించుకుంటే 162 డాలర్లతో పోయే ఖర్చు, కంపెనీ ధర 8.80 అయితే 792 డాలర్లకు చేరుతుంది. వికలాంగుల భత్యం మీద బతికే మనిషికి ఈ తేడా ఇంటి అద్దెతో సమానం. రోగులు ఊరుకోలేదు. 2014 మార్చిలో ఫెడరల్ కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, అప్పటికే అనుమతులున్నవారి సాగును కాపాడింది. 2016 ఫిబ్రవరిలో తుది తీర్పు వచ్చింది. అగ్నిప్రమాదాలు, బూజు, దొంగతనాలు అంటూ ప్రభుత్వం చూపిన భయాలు ఇంటి సాగును పూర్తిగా నిషేధించడానికి చాలవని, రోగిని కంపెనీల దగ్గరే కొనమని కట్టడి చేయడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో ఇంటి సాగుకు మళ్లీ దారి ఏర్పడింది.

2018 అక్టోబరు 17న కెనడా పెద్దలందరికీ గంజాయిని చట్టబద్ధం చేసింది. ఒక్కో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చునంది. పెంచినది అమ్మకూడదు. దానిపై సుంకం లేదు. దుకాణంలో కొన్నదానిపై మాత్రం ఉంది. చట్టం వచ్చిన మరుసటి ఏడాది చివరి మూడు నెలల్లో, కొనుగోలుదారులు స్వయంగా పంపిన ధరలను బట్టి కెనడా గణాంక శాఖ వేసిన సగటు ఇది: చట్టబద్ధ సరకు గ్రాము 10.30 డాలర్లు, చాటుమాటు సరకు 5.73. చాటు వ్యాపారాన్ని దెబ్బతీయడానికే తెచ్చామన్న చట్టబద్ధ సరకు దాదాపు రెట్టింపు ధర పలికింది.

ఇక ఇంటి లెక్క చూద్దాం. అక్కడ చలికాలం మంచు కనుక ఇంటిలోపల దీపం కింద పెంచేవారు ఎక్కువ ఖర్చు భరించాలి. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. దీపం, గుడారం, ఫ్యాను కలిసి 600 డాలర్లు. ఆరు పంటలకు పనికివస్తే పంటకు 100. విత్తనాలకు 50, మట్టి, ఎరువులు, కుండీలకు 60. కరెంటు 400 యూనిట్లు, యూనిటు 15 సెంట్ల చొప్పున 60. మొత్తం 270 డాలర్లు. నాలుగు మొక్కల మీద ఎండిన సరకు 200 గ్రాములు వచ్చిందనుకుంటే గ్రాము 1.35 పడుతుంది. బూజు పట్టి సగం పోతే 2.70. మొదటి పంటకే సామాను ఖర్చంతా వేసి, ఆ పంట కూడా సగం పోతే 7.70. అంటే 2019లో మొదటిసారి చేతులు కాల్చుకున్న ఇంటి రైతుకు కూడా దుకాణం కంటె తక్కువకే పడింది. చాటు సరకు కంటె మాత్రం ఎక్కువే.

ఇందులో ఒక ఖర్చు వదిలేశాం. బి.కాం.లో కాస్ట్ అకౌంట్స్ చెప్పిన మాస్టారు ఈ వ్యాసకర్తను ఒకసారి "మీ పెరటి కరివేపాకు ఖరీదెంత?" అని అడిగారు. ఏమీ లేదని జవాబిస్తే, "మీ అమ్మగారు నీళ్లు పోసిన సమయానికి ఖరీదు లేదా?" అన్నారు. గంజాయి మొక్క కరివేపాకు కంటె ఎక్కువ చాకిరీ కోరుతుంది. పంటకు 40 గంటలు, గంటకు 15 డాలర్ల కూలి కట్టుకుంటే 600 డాలర్లు, గ్రాముకు 3. అసలు ఖరీదు 1.35 కాస్తా 4.35 అవుతుంది. మొక్కల పెంపకం సరదా అయినవాడు ఈ కూలిని కట్టుకోడు. జేబులో డబ్బు లేక సమయం మిగిలిన రోగీ కట్టుకోడు. మిగతావారు కట్టుకుంటారు, దుకాణానికి వెళతారు. ఇంటి సాగు అనుమతించినా దుకాణాలు మూతపడకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు దుకాణం ధర లోపలికి వెళదాం. వ్యాపారులు శ్రద్ధగా చూడవలసింది ఇక్కడే. 2018లో ఎండు పువ్వుపై విధించిన ఎక్సైజు సుంకం గ్రాముకు ఒక డాలరు, లేదా ఉత్పత్తిదారు అమ్మకపు ధరలో 10 శాతం. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఇందులో 75 శాతం రాష్ట్రాలకు. ఉత్పత్తిదారు ధర 10 డాలర్లుంటే రెండు పద్ధతులూ ఒకటే. ధర 4కు దిగితే ఆ డాలరే 25 శాతం. 3కు దిగితే మూడో వంతు. ధర తగ్గేకొద్దీ పన్ను బరువు పెరుగుతుంది. పరిమాణాన్ని బట్టి వేసే సుంకానికీ విలువను బట్టి వేసే సుంకానికీ తేడా మన పొగాకు వ్యాపారులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పైగా ఆ డాలరు డాలరుగానే మిగలదు. ఉత్పత్తిదారుకు మిగిలేది 2 డాలర్లు, దానిపై సుంకం 1, మొత్తం 3 అనుకుందాం. టోకు సంస్థ 25 శాతం వేసుకుంటే 3.75. చిల్లర దుకాణం 30 శాతం వేసుకుంటే 4.88. ఒంటారియో రాష్ట్రంలో అమ్మకపు పన్ను 13 శాతం, చివరికి 5.51. సుంకమే లేకపోతే ఇదే దారిలో 3.67కు వచ్చేది. ఒక డాలరు సుంకం కొనేవాడి చేతికి వచ్చేసరికి 1.84 అయింది. సుంకం మీద లాభం, లాభం మీద మళ్లీ పన్ను! ఖజానాకు ఒక డాలరు చేరడానికి గిరాకీదారు ఇంకా 84 సెంట్లు దారిఖర్చు పెట్టుకున్నట్లు. ఇంటి సాగుకు ఈ గొలుసులో ఒక్క లంకె కూడా లేదు.

ధరలు నిజంగానే పడ్డాయి. అనుమతి వస్తుందన్న ఊపులో కంపెనీలు గిరాకీకి మించి అద్దాల తోటలు కట్టాయి, నిల్వలు పేరుకున్నాయి. కానోపీ గ్రోత్ కంపెనీ 2020 మార్చిలో బ్రిటిష్ కొలంబియాలోని రెండు తోటలు మూసివేసింది. విస్తీర్ణం 30 లక్షల చదరపు అడుగులు. సుమారు 500 మందికి పని పోయింది. తర్వాతి సంవత్సరాల్లో పెద్ద పొట్లాల్లో గ్రాము 4, 5 డాలర్లకే దొరకసాగింది. కొనేవాడికి మేలు జరిగింది. ఉత్పత్తిదారులు మాత్రం సుంకం కట్టలేక కోట్ల డాలర్లు బకాయి పడ్డారు, కొందరు దివాలా రక్షణ కోరారు. చట్టం అమలుపై ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం 2024 మార్చి నివేదికలో ఈ సుంకపు పద్ధతిని సమీక్షించాలని సిఫారసు చేసింది.

చాటు సరకుకు సుంకం లేదు గదా, అది ఎందుకు ఇంకా చవక కాదు అన్న ప్రశ్న రావచ్చు. దాని ధరలో పన్నుకు బదులు పట్టుబడే ప్రమాదం ఖరీదు ఉంటుంది. విశాఖ మన్యంలో మొక్క దగ్గర పలికే ధరకూ దూర నగరాల్లో పలికే ధరకూ ఉన్న అంతరం చాలావరకు ఈ ప్రమాదానిదే. దారిలో పట్టుబడి జైలుకు పోయేది ఎక్కువగా మోసే కూలీ కావడం మరో సంగతి.

ఈ తర్కం కొత్తదేమీ కాదు. 1893-94 లో మన దేశంలో పనిచేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ పూర్తి నిషేధం వద్దంది. తగినంత పన్ను వేయమంది. ఆ పన్ను వసూలు కావాలంటే లైసెన్సు లేని సాగును ఆపాలని, సాగును కొద్ది ప్రాంతాలకే పరిమితం చేయాలని కూడా చెప్పింది. పెరట్లో పండేదానిపై పన్ను నిలవదని నాటి దొరలు కనిపెట్టారు.

ఉరుగ్వేలో ఇంటికి ఆరు మొక్కలు. జర్మనీ 2024 ఏప్రిల్ 1 నుంచి మనిషికి మూడు మొక్కలు అనుమతించింది. దుకాణాలు మాత్రం తెరవలేదు. కెనడాలోనే క్విబెక్ రాష్ట్రం ఇంటి సాగును నిషేధించింది. కొనేవారిని ప్రభుత్వ దుకాణాలకు మళ్లించి, సరకు నాణ్యతను అదుపులో ఉంచడం ద్వారా ప్రజారోగ్యాన్ని కాపాడడానికే ఈ నిషేధం అన్న వాదనను ఆమోదించి 2023 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు దానిని సమర్థించింది. అదే నిషేధం పెట్టిన మానిటోబా రాష్ట్రం 2025లో ఎత్తివేసి, మిగతా రాష్ట్రాల్లో మాదిరే ఇంటికి నాలుగు మొక్కలకు అనుమతి ఇచ్చింది.