ఆరో పువ్వు ఎవరిని తాకింది?

ఈ సంచికకి కవిత ఇమ్మని ఎడిటర్లు అడిగారు. కవిత రాలేదు గానీ, పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టులో చేసిన రెండు తప్పులు, వాటివల్ల తెలిసిన ఒక సంగతి నా దగ్గర ఉన్నాయి. అవే రాస్తున్నా. పదో తరగతితోనే బయాలజీకి దండం పెట్టేసినవాళ్లూ ధైర్యంగా చదవొచ్చు, నేనూ ఆ బాపతే.

మా రూమ్మేట్‌ది ఆదిలాబాద్ వైపు. వాడి చెల్లెలికి సికిల్ సెల్ జబ్బు. ఒకరోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసి వచ్చి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. చెల్లెలికి మళ్లీ ఒళ్లు నొప్పులు, ఆస్పత్రిలో పెట్టారట. తర్వాత అడిగాడు: "నువ్వేదో ప్రోటీన్ ప్రాజెక్టు చేస్తున్నవ్ గదరా. ఒక్క అక్షరం మారిందంట, అంతే. ఒక్క అక్షరానికి గింత నొప్పి ఎట్లొస్తది?"

నా దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టులో ఏ ప్రోటీన్ తీసుకోవాలో మాత్రం ఆ రాత్రే తేలిపోయింది.

దండ మడిస్తే

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. దండలో చేరిన ఒక్కో అమైనో ఆమ్లాన్ని రెసిడ్యూ అంటారు. మల్లెపూల దండని గుప్పిట్లో మడిచి పట్టుకుంటే మొదటి పువ్వు వెళ్లి నలభయ్యో పువ్వుకి ఆనుకోవచ్చు. దారంలో అవి ఎంతో దూరం, గుప్పిట్లో పక్కపక్కనే. ప్రోటీన్ పనంతా ఈ గుప్పిట్లో పొరుగుల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఎవరు ఎవరికి ఆనుకున్నారో లెక్కపెట్టడం ఒక శాస్త్రమే అయింది. దాన్నే కాంటాక్ట్ అనాలిసిస్ అంటారు.

మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో నాలుగు దండలుంటాయి. రెండు ఆల్ఫా దండల్లో 141 చొప్పున, రెండు బీటా దండల్లో 146 చొప్పున, మొత్తం 574 రెసిడ్యూలు. ఒక్కో అణువు ఎక్కడుందో చెప్పే ఎక్స్, వై, జెడ్ విలువలు ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆక్సిజన్ వదిలేసిన మామూలు హీమోగ్లోబిన్‌కి 4హెచ్‌హెచ్‌బీ అనే ఫైల్ తీసుకున్నా.

ఎంత దగ్గరైతే కాంటాక్ట్?

దీనికి ఒకే నిర్వచనం లేదు. ఒక్కో రెసిడ్యూ నుంచి బీటా కార్బన్‌ని తీసుకుని (గ్లైసిన్‌కి అది ఉండదు కాబట్టి ఆల్ఫా కార్బన్‌ని) రెండింటి మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే కాంటాక్ట్ అనడం ఒక పద్ధతి. హైడ్రోజన్ కాని ఏ రెండు అణువులైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే కాంటాక్ట్ అనడం ఇంకో పద్ధతి. ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు. మొదటిది మడత రూపురేఖలు చూడ్డానికి బాగుంటుంది, నిజంగా ఎవరు ఎవరికి తగిలారో చూడాలంటే రెండోది మేలు.

ఒక బీటా దండలో 10,585 జతలు. పైథాన్‌లో రెండు ఫర్ లూపులు చాలు. దారంలో పక్కపక్కనున్న పూలు ఎలాగూ తగులుతాయి, అందులో కొత్త సమాచారమేం లేదు. అందుకని వరుసలో మూడు స్థానాల లోపున్న జతల్ని వదిలేయాలి. మిగిలినవాటిని 146 × 146 గళ్ల కాగితం మీద చుక్కలుగా పెడితే వచ్చే బొమ్మే కాంటాక్ట్ మ్యాప్. కర్ణానికి దగ్గర్లో పట్టీలా కనిపించే చుక్కలు హెలిక్స్‌లు, అంటే మెలికలు. కర్ణానికి దూరంగా ఉన్న చుక్కలే అసలు కథ, దండ ఎక్కడ మడతపడిందో చెప్పేది అవే.

మొదటి తప్పు

సికిల్ సెల్‌లో మారేది బీటా దండలో ఒకే ఒక్క స్థానం. జీన్‌లో జీఏజీ అన్న మూడక్షరాలు జీటీజీ అవుతాయి. దాంతో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ వస్తుంది. జీన్ డేటాబేస్‌లో ఆ స్థానం 7 అని ఉంది. నేను ఫైల్‌లో 7వ రెసిడ్యూ తెరిచా, గ్లుటామిక్ ఆమ్లమే ఉంది. హమ్మయ్య అనుకుని వారం రోజులు దానిమీదే పనిచేశా.

తీరా చూస్తే జీన్ లెక్కలో దండ మొదట ఉండే మెథియోనిన్‌ని కూడా కలుపుతారు. తయారైన ప్రోటీన్‌లో అది ఊడిపోతుంది. కాబట్టి ఫైల్‌లో మనకి కావాల్సింది 6. విచిత్రం ఏంటంటే 6, 7 రెండూ గ్లుటామిక్ ఆమ్లాలే! అందుకే ప్రోగ్రాం కిక్కురుమనలేదు. పేరు సరిపోయింది కదా అని నంబర్ నమ్మకండి, అటూ ఇటూ నాలుగు అక్షరాలు కలిపి చూసుకోండి.

రెండో తప్పు

సరే, 6కి మారా. ఎక్కువ కాంటాక్టులున్న రెసిడ్యూలు ముఖ్యమైనవి అనే లెక్కతో 146 స్థానాల్నీ వరుసలో పేర్చా. దండ లోపల ఇరుక్కుని ఉన్నవి పైకొచ్చాయి. 6వది ఎక్కడో అడుగున ఉంది. అది ప్రోటీన్ పైతలంలో, బయటికి తిరిగి ఉంటుంది. "ఈ స్థానం అంత ముఖ్యం కాదు" అని రిపోర్టులో రాసేశా కూడా. రాసి పక్కమంచం వైపు చూస్తే వాడు నిద్రపోతున్నాడు. ఆ వాక్యం వాడికి చదివి వినిపించగలనా అనిపించింది. కొట్టేశా.

లెక్క తప్పు కాదు, ప్రశ్న తప్పు. నేను ఒక్క హీమోగ్లోబిన్‌నే చూశా, పక్కన ఇంకో హీమోగ్లోబిన్ ఉంటే ఏమవుతుందని అడగలేదు. దానికి వేరే ఫైల్ ఉంది, 2హెచ్‌బీఎస్. ఆక్సిజన్ లేని సికిల్ హీమోగ్లోబిన్ స్ఫటికం అది. ఇలాంటి చోట ఫైల్‌లో ఉన్న రెండు హీమోగ్లోబిన్‌లనే కాక, స్ఫటికంలో వాటి ఇరుగుపొరుగుల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అలా చూస్తే జవాబు దొరికింది. ఒక హీమోగ్లోబిన్ తాలూకు 6వ వాలిన్, పొరుగు హీమోగ్లోబిన్ బీటా దండలో 85వ ఫినైల్‌అలనిన్, 88వ ల్యూసిన్ మధ్య ఉన్న గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది. ఈ మూడూ నీళ్లంటే గిట్టని రకం. చారు మీద నూనె చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కున్నట్టు కలుస్తాయి. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంటుంది, నీళ్లలో ఉండటమే దానికి ఇష్టం, ఆ గుంటలో ఇమడదు. ఆక్సిజన్ పట్టుకుని ఉన్నప్పుడు హీమోగ్లోబిన్ ఆకారమే కాస్త వేరు, అప్పుడు ఈ అమరిక సరిగ్గా కుదరదు. ఆక్సిజన్ వదిలాకే ఒకదానికొకటి తగులుకుంటూ పేర్లు పేర్లుగా సాగుతాయి. అలాంటి 14 పేర్లు పెనవేసుకుని ఒక పగ్గంలా తయారవుతాయి. ఆ పగ్గాలతో ఎర్రకణం బిరుసెక్కి కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అక్కడిది.

ఆ కాంటాక్ట్‌ని చెడగొడితే?

ఈ జబ్బున్న పిల్లల్లో పుట్టిన మొదటి కొన్ని నెలలు లక్షణాలు కనిపించవు. కడుపులో ఉన్నప్పటి పిండ హీమోగ్లోబిన్ అప్పటికింకా రక్తంలో ఉంటుంది. అందులో బీటా బదులు గామా దండలుంటాయి. బీటాలో 87వ స్థానంలో త్రియోనిన్ ఉంటే, గామాలో గ్లుటమిన్ ఉంటుంది. 85, 88ల మధ్యే గదా ఈ 87! ఆ గ్లుటమిన్ పగ్గం అల్లికకి అడ్డుపడుతుంది. మన దగ్గర వాడే హైడ్రాక్సీయూరియా మందు పిండ హీమోగ్లోబిన్‌ని పెంచుతుంది, దాని మేలులో ముఖ్యభాగం అదే. 2023 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి పొందిన లిఫ్‌జీనియా అనే జీన్ చికిత్సలో, బీటా దండలో సరిగ్గా ఈ 87వ స్థానాన్నే గ్లుటమిన్‌గా మార్చి రోగి మూలకణాల్లోకి పంపుతారు. ఖర్చు మన ఊహకి అందనంత, ముందు కీమోథెరపీ కూడా తప్పదు. అయినా ఒక కాంటాక్ట్‌ని అర్థం చేసుకోవడం వైద్యం దాకా వెళ్లిందంటే, నా గళ్ల కాగితం మీద నాకే గౌరవం పెరిగింది.

వాడితో మాట్లాడింది

లాప్‌టాప్‌లో వాలిన్‌ని ఎర్రగా, గుంటని పసుపుగా రంగులు వేసి వాడికి చూపించా. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "అంటే మా చెల్లె రక్తంల తప్పేం లేదు, పక్కోనికి అతుక్కుంటున్నది, అంతేనా?" అన్నాడు. అంతే అన్నా.

ఇంకో మాట చెప్పడానికి రెండ్రోజులు ఆలోచించా. చెల్లెలికి మారిన జీన్ ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చిందంటే అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లే. వీడికి జబ్బు లేదు, కాబట్టి వీడు క్యారియర్ అయ్యే అవకాశం 3లో 2. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి కూడా క్యారియరే అయితే, పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం 4లో 1. తెలుసుకోవాలంటే ఒక రక్తపరీక్ష చాలు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు. అదంతా చెప్పా. వాడేం అనలేదు.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లి, పరీక్ష చేయించుకుని వచ్చాడు. ఫలితం వాడి సొంత విషయం, ఇక్కడ రాయను. మీలో ఎవరింట్లోనైనా ఈ జబ్బుంటే, మీరూ చేయించుకోండి. నా రిపోర్టులో కొట్టేసిన వాక్యం చోట మాత్రం ఇప్పుడిలా ఉంది: "6వ స్థానానికి సొంత ప్రోటీన్‌లో కాంటాక్టులు తక్కువ. దాని సంగతి తెలియాలంటే పొరుగుని చూడాలి."