పిల్లలలో ఆటిజం ఎందుకు పెరుగుతున్నది?

రెండేళ్లు నిండినా బిడ్డకు మాటలు రాకపోతే "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అని పెద్దలు ధైర్యం చెప్పడం, వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మన ఇండ్లలో పరిపాటి. ఈ ఎదురుచూపులోనే విలువైన కాలం గడిచిపోతుంది. కావున ఆటిజం గురించి తల్లిదండ్రులు కొంత తెలిసికొనవలెను.

ఎంతమందిలో ఉన్నది?

ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలలో దీనిని వర్ణించెను. అమెరికాలో ఎనిమిదేళ్ల పిల్లల లెక్కలలో 2000లో 150 మందికి ఒకరు, 2022లో 31 మందికి ఒకరు తేలారు. హైదరాబాదుతో సహా మన దేశంలోని ఐదు ప్రాంతాలలో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 100 మందికి ఒకరిలో కనిపించినది. ఆ లెక్కన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో 300 మంది పిల్లలున్న ఊరిలో ముగ్గురైనా ఉండవచ్చును. "మా ఊళ్లో లేదు" అంటే పరీక్షించినవారు లేరనియే చాలాసార్లు అర్థం.

పెరుగుదలకు కారణాలు

ప్రధాన కారణం గుర్తింపు పెరగడమే. పూర్వం బుద్ధిమాంద్యం అనో, మొండితనం అనో వదిలివేసిన పిల్లలకు నేడు సరియైన పేరు లభిస్తున్నది. 2013లో నిర్ధారణ సూత్రాలు మారి, వేరు వేరు పేర్లతో ఉన్న స్థితులు ఒకే పేరు క్రిందికి వచ్చినవి. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలో చేరినది. వంశపారంపర్యత ముఖ్యమైన మూలం. తల్లిదండ్రుల వయసు పెరగడం, నెలలు నిండకుండా పుట్టడం కూడ కొంత అవకాశాన్ని పెంచును. టీకాలు కారణం కావు. అట్లని సూచించిన 1998 నాటి వ్యాసాన్ని 2010లో ఆ పత్రికయే ఉపసంహరించినది.

గమనించవలసిన లక్షణాలు

• ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం
• కావలసిన వస్తువును వ్రేలితో చూపకపోవడం
• కళ్లలో కళ్లు పెట్టి చూడకపోవడం
• రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలుకకపోవడం
• వచ్చిన మాటలు పోవడం

ఏమి చేయాలి?

ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. పిల్లల వైద్యుని కలవాలి. అంగన్‌వాడీకి వచ్చే బాలల ఆరోగ్య బృందానికి చూపాలి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థలో నిర్ధారణ, శిక్షణ లభిస్తాయి.

ఆటిజాన్ని పోగొట్టే మందు ఏ వైద్యంలోనూ లేదు. వస, సరస్వతి ఆకు శిక్షణకు బదులు కాజాలవు. లోహాలు కలిసిన మందులను పసిపిల్లలకు సొంతంగా ఇవ్వరాదు. మాట, ఆట, నిత్యకృత్యాలలో ఓపికతో ఇచ్చే శిక్షణయే మేలు చేయును. అది ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.