ముఫాసా తర్వాత ఏమయ్యాడమ్మా?

నా వయసు 37. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. నా సమస్య చెబితే నవ్వుతారేమో. మా వారైతే నవ్వేశారు.

మా పాపకి ఆరేళ్లు. 2024 డిసెంబరులో 'ముఫాసా' సినిమాకి వెళ్లాం. మేమిద్దరం మహేశ్‌బాబు గొంతు కోసం, అదేమో సింహం పిల్లల కోసం. అప్పట్నుంచి దానికి ముఫాసాయే లోకం. 'తర్వాత ఏమయ్యాడమ్మా?' అని రోజూ ప్రాణం తోడేస్తోంది. తర్వాతేమైందో 1994 నాటి 'లయన్ కింగ్'లో ఉంది కదా. మొన్న దాని పోరు పడలేక టీవీలో పెట్టాను. ముఫాసా కొడుకు సింబా లోయలో ఒంటరిగా కూర్చున్న సీను రాగానే నా చేతులు చల్లబడిపోయాయి. కరెంటు పోయిందని చెప్పి టీవీ కట్టేశాను. 'మరి ఫ్యాను తిరుగుతోందిగా' అంది.

నేను ఆ సినిమా తొమ్మిదేళ్లప్పుడు చూశాను. కాకినాడలో పెద్దమ్మ వాళ్లింట్లో, వేసవి సెలవుల్లో, అన్నయ్యలు అద్దెకి తెచ్చిన వీడియో క్యాసెట్‌లో. వాళ్లు పగలబడి నవ్వుతున్నారు, నేను ఏడుపు దిగమింగుకుని కూర్చున్నా. తర్వాత చాన్నాళ్లు ముఫాసా కొండ మీంచి పడిపోవడమే కలలోకి వచ్చేది. అప్పుడు నాన్న మస్కట్‌లో ఉండేవారు. రెండు వారాలకోసారి శుక్రవారం ఊళ్లో ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవారు. ఆ సెలవులయ్యాక ఒక శుక్రవారం నేను బూత్‌కి రానని మొరాయించి, గుంజ పట్టుకుని వదల్లేదట. అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. నాన్నకేం కాలేదు. తిరిగొచ్చేశారు, నిక్షేపంగా కొబ్బరితోట చూసుకుంటున్నారు.

పాపకి ఆ సినిమా చూపించాలా, వద్దా? ఆ సీను ఒక్కటి దాటించేస్తే సరిపోతుందా? ఇంత వయసొచ్చీ బొమ్మల సినిమాకి భయపడుతున్నానంటే నాకేమైనా జబ్బా?
– ఒక పాఠకురాలు

జబ్బు మాట ముందు వదిలేయండి. అమెరికాలో జోయాన్ కాంటర్ అనే ఆవిడ పిల్లల భయాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆవిడా, తోటి పరిశోధకురాలూ కలిసి కాలేజీ విద్యార్థుల్ని అడిగితే, చిన్నప్పుడు తెర మీద ఏదో చూసి జడుసుకున్న సంగతి పదిమందిలో తొమ్మిదిమంది చెప్పారు. నాలుగోవంతు మందిని ఆ బెదురు ఇంకా వదల్లేదు. నన్నూ ఆ లెక్కలో వేసుకోండి. 'స్నోవైట్'లో రాణి ముసలిదానిగా మారిపోయే సీను చూసినదాన్ని. ఎవరైనా మరీ నిగనిగలాడే యాపిల్ చేతికిస్తే ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తాను.

పైగా మీరు భయపడింది ఆషామాషీ సీనుకి కాదు. ముఫాసా పడిపోయే ఆ సీనులో రెండున్నర నిమిషాల జంతువుల తొక్కిసలాట కోసం అయిదుగురు రెండేళ్లకు పైగా పనిచేశారు. 1942లో తీసిన 'బాంబీ'లో జింకపిల్ల తల్లి చావుని తుపాకీ చప్పుడుతో సరిపెట్టారు, తల్లిని చూపించలేదు. ఇక్కడ చూపించారు. పిల్ల సింహం తండ్రి చెవి పట్టి లాగుతుంది, లేవకపోతే వెళ్లి ఆయన పంజా కిందే దూరి పడుకుంటుంది. ఇక సంగీతం. అది కూర్చిన హాన్స్ జిమ్మర్‌కి ఆరేళ్లప్పుడు తండ్రి పోయాడు. కూతురికి చూపించడానికి ఓ సినిమా ఉంటుందని ఇది ఒప్పుకుని, తీరా కూర్చుంటే తండ్రి కోసం అన్నాళ్లూ ఏడవని ఏడుపు అందులోకి వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చిందన్నది తర్వాతి సంగతి, మీ చేతులు చల్లబడ్డాయంటే ఆయన పని ఆయన చేసినట్టే.

కానీ మీరు కలలోకి వచ్చేదన్న ఆ పడిపోవడం దగ్గర నేను ఆగడం లేదు. దాని వెనకాలే వచ్చే సీను గుర్తు తెచ్చుకోండి. ముఫాసాని చంపిన అతని తమ్ముడు స్కార్ వచ్చి, నీ వల్లే మీ నాన్న చచ్చిపోయాడని సింబాతో చెబుతాడు. పిల్లాడు నమ్మేస్తాడు. ఆ రోజుల్లో గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఇళ్లలో ఆడపిల్ల రోజూ వినే మాట ఒకటుండేది: 'నాన్న అంత దూరం వెళ్లింది నీ కోసమేనమ్మా.' మీరూ వినే ఉంటారు. అది ప్రేమతో అనేదే. తొమ్మిదేళ్ల బుర్ర దాన్ని స్కార్ మాట పక్కన పెట్టి చూసుకుని ఉంటే, ఆ శుక్రవారం గుంజ వదలకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఫోన్‌లో ఏం వినాల్సొస్తుందో అని. నా ఊహ తప్పు కావచ్చు. అయినా మీ అమ్మగారు నవ్వే ఆ సంగతి నాకు నవ్వు తెప్పించలేదు.

ఇక పాప. ఆరేళ్ల వాళ్లకి ఎక్కువగా రూపాలంటే భయం: కోరలు, చీకటి, హైనాల నవ్వు. జరగబోయేదాన్ని ఊహించుకుని వణకడం ఇంకాస్త పెద్దయ్యాక వస్తుంది. మీరు ఏడ్చినచోట అది ఏడవకపోవచ్చు, ఏడ్పించే చూపులు మాత్రం చూడకండి. 'అవి బొమ్మలే, నిజం కాదు' అన్న మాట ఆ వయసులో పెద్దగా పనిచేయదు. ఒళ్లో చోటు, పళ్లెంలో నాలుగు జంతికలు పనిచేస్తాయి.

సీను దాటించొద్దు. దాటిస్తే సింబా ఎందుకు పారిపోయాడో దానికి అర్థం కాదు, రేపు ఏ స్నేహితురాలి ఇంట్లోనో అందరూ నవ్వుతుంటే ఒక్కర్తే చూస్తుంది. అది మీకు తెలిసిందే. ముందురోజే చెప్పేయండి, ముఫాసా ఇందులో చనిపోతాడని. అలిగి చూడనంటే సరే, మరో ఏడాది ఆగండి. చూస్తానంటే పగటిపూట పెట్టండి, రిమోట్ దాని చేతికివ్వండి. నాన్న కూడా చచ్చిపోతాడా అని అడగొచ్చు. అందరం ఎప్పుడో ఒకప్పుడు పోతామనీ, నాన్న ఇప్పుడు ఆఫీసులో ఉన్నాడు, సాయంత్రం వస్తాడనీ చెబితే చాలు, వేదాంతం అక్కర్లేదు. స్కార్ ఆ మాట అనగానే మాత్రం ఆపమని, 'సింబా తప్పా?' అని అడగండి. జవాబు అది చెప్పేదాకా మీరు మాట్లాడకండి. కరెంటు సంగతి కూడా ఒప్పేసుకోండి, ఫ్యాను ఎలాగూ చూసేసింది.

వేసవికి అమలాపురం వెళ్తారుగా, సినిమా అక్కడే పెట్టండి, తాతగారిని కూడా కూర్చోబెట్టండి. అయ్యాక, పాప నిద్రపోయాక, ఆ శుక్రవారం మీరు బూత్‌కి రానప్పుడు అవతల ఆయన ఎంతసేపు లైన్లో ఉన్నారో అడగండి.